ఫలము తెలిసిన ఓటు

సూరత్ నగరమున రైలుకట్టకు ఆవల, తూర్పు దక్షిణముల నడుమ, లింబాయత్ అను శాసనసభా నియోజకవర్గ మొకటి కలదు. 2008వ సంవత్సరపు పునర్విభజనలో అది పుట్టినది. దాని క్రమసంఖ్య 163. పుట్టిన పిమ్మట 2012, 2017, 2022 సంవత్సరములలో మూడు సాధారణ ఎన్నికలు జరుగగా మూడింటను భారతీయ జనతా పార్టీ అభ్యర్థి సంగీతాబెన్ పాటిల్ గారే గెలుపొందిరి. ఇంత చిన్నదియు, ఇంత నిశ్చలమైనదియు నగు చరిత్రను గూర్చి వ్రాయవలసిన దేమున్నదని పాఠకులకు తోచవచ్చును. గెలుపోటముల కోలాహలము లేని చోటనే ఓటన నేమియో నిదానముగా విచారించుటకు వీలు కలుగునని నాకు తోచుచున్నది. తన యొక్క ఓటు వలన ఫలము మారదని యెఱిగిన మనుష్యుడు ఓటు వేయవలెనా, వేసినచో దేనికొఱకు వేయవలెను, ఆ కర్మకు విలువ యెచటినుండి వచ్చును అనునదే నా ప్రశ్న. ఇది రాజనీతికి చెందినట్లు కనబడును గాని, ధర్మమీమాంసకే చెందినది. యజ్ఞమును ముందుంచుకొని మన పూర్వులు శతాబ్దముల తరబడి వాదించుకొన్నది కర్మకును ఫలమునకును గల సంబంధమును గూర్చియే గదా!

లింబాయత్ తెలుగువారికి పరాయిచోటు కాదు. చేమగ్గము కూడు పెట్టని దినములలో నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము ప్రాంతముల పద్మశాలీ కుటుంబములు మొదట షోలాపురమునకును, బొంబాయి భివండీలకును, పిదప సూరత్‌నకును పోయి సాంచెల (మరమగ్గముల) మీద బ్రతుకు వెదకికొన్నవి. సూరత్‌లో లింబాయత్, ఉధనా పరిసరములు వారికి నెలవులైనవి. పగటిపాళీ, రాత్రిపాళీ యని రోజును రెండు ముక్కలుగా కోసి, పన్నెండేసి గంటలు సాంచెల రొదలో నిలుచుండి వారు నేసిన గుడ్డ దేశమంతటను చీరలై తిరుగుచున్నది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమములతో పాటు తెలుగు మాధ్యమమున కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. పరరాష్ట్రమునందొక నగరపాలక సంస్థ తెలుగుబిడ్డలకు తెలుగు అక్షరములు దిద్దించుట సామాన్యవిషయము కాదు. ఆ యూరిలో మనవారి సంఖ్య ఎంతటిదో అంచనా వేసికొనుటకు ఇది యొక్కటి చాలును. మార్కండేయుని తమ మూలపురుషునిగాను, దేవతలకు తామరతూడుల దారముతో వస్త్రము నేసియిచ్చిన భావనాఋషిని తమ వృత్తికి ఆదిగురువుగాను తలచు ఈ జాతి, తాను పోయిన ప్రతి యూరికిని తన దైవమును వెంట తీసికొని పోయినది. రాజ్యాంగము తనకిచ్చిన ఓటును కూడ అట్లే వెంట తీసికొని పోయినదా?

ఈ ప్రశ్నకు రావలెనన్నచో లింబాయత్ పుట్టుకకు ముందటి కథ కొంత చెప్పవలెను. 1976లో, అత్యయికస్థితి కాలమున, నలువదిరెండవ రాజ్యాంగ సవరణ శాసనసభా స్థానముల విభజనను 1971 జనగణన మీదనే స్తంభింపజేసినది. నగరములు ఆ స్తంభనమును లెక్కచేయలేదు. సూరత్ చుట్టు నున్న పల్లెలు, పొలములు, చెఱకుతోటలు కార్ఖానాలును వాడలును అయిపోయినవి. ఖాందేశమునుండి, ఉత్తరప్రదేశమునుండి, బీహారు ఒడిశాలనుండి, మన తెలంగాణమునుండి లక్షల జనము వచ్చి చేరినది. వారిలో పెద్దభాగమునకు చౌర్యాసీ అను పాత నియోజకవర్గమే నియోజకవర్గమైనది. 2007 ఎన్నికల నాటికి చౌర్యాసీలో ఓటర్ల సంఖ్య పదునైదు లక్షలు దాటినది. దేశమున అంతకంటె పెద్ద శాసనసభా నియోజకవర్గము లేదని నాడు చెప్పుకొనిరి. ఆ యేట అచట గెలిచిన నరోత్తమభాయ్ పటేల్ గారికి వచ్చిన ఆధిక్యమే మూడు లక్షల నలువదియారు వేలకు పైబడినది. అదే నగరమున, కోటగోడలకు లోపలి పాతబస్తీల నియోజకవర్గములలో మొత్తము ఓటర్లే దానిలో చిన్న అంశముగా నుండిరి. అనగా ఒకే నదిదరిని, ఒకే నగరములో, తాతతండ్రుల నాటి యింట నుండువాని మాటకు విలువ యెక్కువ, నిన్న రైలు దిగి సాంచె పట్టినవాని మాటకు విలువ తక్కువ. ఎవరును దురుద్దేశముతో చేసినది కాదు. ముప్పదేండ్లు లెక్క సరిచూడకపోవుటచేత జరిగినది. అయినను అన్యాయము అన్యాయమే. న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ అధ్యక్షతనున్న పునర్విభజన సంఘము 2001 జనగణనను బట్టి గీతలు మరల గీసి ఈ దోషమును చాలవరకు సవరించినది. లింబాయత్, ఉధనా, మజూరా, కరంజ్ అను నూతన నామములు గుజరాతు శాసనసభ పట్టికలోనికి అట్లు వచ్చినవి.

గీతలు సరియైనవి, ఓటు విలువ సమానమైనది. కాని ఫలము మాత్రము నిశ్చలముగానే యున్నది. 2022 డిసెంబరు 1వ తేదీన లింబాయత్‌లో నలువదినలుగురు అభ్యర్థులు నిలిచిరి. ఆ ఎన్నికలలో రాష్ట్రమంతటను మఱెక్కడను అంతమంది లేరు. ఒక్కొక్క ఓటింగు యంత్రమున పదునాఱు మీటలే యుండును గనుక, 'నోటా'తో కలిపి నలువదియైదు మీటలకై ప్రతి కేంద్రమునను మూడు యంత్రములు వరుసగా పేర్చవలసివచ్చినది. ప్రధానపక్షములు మూడును మరాఠీ కుటుంబములకు చెందినవారినే నిలిపినవి. అది సహజమే, అచట వారి జనసంఖ్య పెద్దది. నలువదినలుగురిలో తన భాషవాడు గెలుచునను ఆశ గాని, తాను వేసినంతమాత్రమున గెలుపు అటునుండి ఇటు తిరుగునను భ్రమ గాని లేని తెలుగు నేతగాడు ఆ మూడు యంత్రముల ముందు నిలుచుండి యేమి చేయుచున్నట్లు?

దీనికి లోకమున వాడుకగా చెప్పబడు సమాధాన మొకటి కలదు. ఒక్క ఓటు కూడ ఫలమును తిప్పగలదు, కాబట్టి వేయవలెను అనుట. నిదర్శనము కొఱకు సూరత్ ప్రాంతమును దాటి పోనక్కరలేదు. 1952లో, నాటి సూరత్ జిల్లాలోనిదైన బల్సార్-చిఖ్లీ స్థానమునుండి బొంబాయి శాసనసభకు నిలిచిన మొరార్జీ దేశాయి గారు కేవలము పందొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయిరి. పది ఇండ్లవారు మనసు మార్చుకొన్న చాలును, ఫలము వేఱగునది. ఈ కథ వినుటకు బాగుండును గాని, నాకు దీనిమీద ధర్మమును నిలుపుట ఇష్టము కాదు. పందొమ్మిది ఓట్ల ఎన్నిక నూటికొకటి. మిగిలిన తొంబదితొమ్మిదింటిలో ఒక్క ఓటు దేనిని మార్చదు. నూటికొకసారి పనికివచ్చు కారణము మీద నిలిచిన కర్తవ్యము, పందెమే కాని కర్తవ్యము కాదు. పైగా అట్లు ఓడిన మొరార్జీగారే ఆ సంవత్సరమే బొంబాయి ముఖ్యమంత్రి యైరి. పిదప సూరత్‌నుండి పలుమార్లు లోక్‌సభకు ఎన్నికై 1977లో ప్రధానమంత్రియు నైరి. ఆ పందొమ్మిది ఓట్ల ఫలము కూడ ఎంతకాలము నిలిచినది?

ఇచట మీమాంసకుల విభాగము మనకు తోడ్పడును. వారు కర్మలను నిత్యములు, నైమిత్తికములు, కామ్యములు అని విడదీసిరి. వర్షము కావలెనని చేయునది కామ్యము. వర్షము అక్కరలేనివాడు దానిని మానవచ్చును, కురియదని యెఱిగినవాడు మానుటయే వివేకము. నిత్యనైమిత్తికములు అట్టివి కావు. సంధ్య వచ్చినది కాబట్టి సంధ్యావందనము, గ్రహణము పట్టినది కాబట్టి స్నానము. వీనిని చేయుట వలన నాకేమి వచ్చునని అడుగువాడు ఆ కర్మల స్వభావమునే యెఱుగడు. ఓటును మనము కామ్యకర్మగా చూచుట మరగితిమి. ఫలానివాడు గెలువవలెను, ఫలాని పథకము రావలెను, మా వాడకు నీళ్లు రావలెను అని కోరి వేయుచున్నాము. కోరిక తీరదని తోచిన నాడు ఇంట కూర్చుండుచున్నాము. కాని అయిదేండ్ల కొకసారి రాజ్యము తానే వచ్చి, నన్నెవరు నడుపవలెనో చెప్పుమని పౌరుని అడుగుచున్నది. ఆ అడుగుటయే నిమిత్తము. అడిగినప్పుడు బదులు చెప్పుట నైమిత్తికకర్మ. గెలిచినవారు ఆ బదులు వినిరా లేదా యనునది వేఱు విషయము.

ఆక్షేపము లేకపోలేదు. నిత్యకర్మ మానినచో ప్రత్యవాయము, అనగా పాపము, కలుగునని మీమాంసకులనగా, శంకరభగవత్పాదులు దానిని నిలదీసిరి: చేయకపోవుట అభావము, పాపము భావము, అభావమునుండి భావమెట్లు పుట్టునని. ఆ తర్కమునకు నేను ప్రత్యుత్తరము చెప్పబూనను. అంతటి సాహసము నాకు లేదు. అయితే ఆచార్యులా మాట సర్వకర్మసన్న్యాసమును సమర్థించు సందర్భమున చెప్పిరి. కుటుంబము నడుపుచు, పిల్లలను బడికి పంపుచు, ఊరికుళాయి నీరు త్రాగుచు, పన్నులు కట్టుచు రాజ్యములో నిలిచియున్నవానికి ఆ మినహాయింపు వర్తింపదని మాత్రము చెప్పగలను.

కర్మ విలువను గూర్చి నాకు మిక్కిలి వెలుగు చూపినది మఱియొకటి. యజ్ఞములలో సత్రమను విశేష మొకటి కలదు. సామాన్య సోమయాగమున యజమాని ఒక్కడు, ఋత్విక్కులు పదునార్వురు. ఋత్విక్కులు దక్షిణకు పనిచేయుదురు, ఫలము యజమానిది. సత్రమున అట్లు కాదు. పదునేడుగురు మొదలు ఇరువదినలుగురు వఱకు కూడి చేయు ఆ దీర్ఘయాగమున అందఱును యజమానులే, ఋత్విక్కులును వారే. ఇంతమంది కలిసి చేసినప్పుడు ఫలమును పంచుకొందురా, లేక ఒక్కొక్కరికి మొత్తము ఫలము దక్కునా యని జైమిని తన మీమాంసాసూత్రముల ఆఱవ అధ్యాయమున విచారించి, ప్రతివానికిని సంపూర్ణఫలమే దక్కునని సిద్ధాంతము చేసెను. ఏలయన ప్రతివాడును తాను పూర్ణకర్తయే. పదునేడవవాడు పదునేడవ వంతు కర్త కాడు. ఎన్నికను గూర్చి నేను చదివినంతలో ఇంతకు మించిన మాట కనబడలేదు. మూడు లక్షల ఓటర్లు గల నియోజకవర్గమున నా ఓటు మూడు లక్షలవ వంతు అని లెక్కగట్టుకొని చిన్నబుచ్చుకొనువాడు, పాలును నీరును పంచుకొన్నట్లు కర్తృత్వమును కూడ పంచవచ్చునని తలచుచున్నాడు. కర్తృత్వమట్లు పంచబడదు. సాంచె వద్దనుండి కన్నులు నులుముకొనుచు వచ్చి మీట నొక్కిన నేతగాడు ఆ శాసనసభను నిర్మించుటలో పూర్ణకర్త. అతడు ఓటు వేసిన అభ్యర్థి ఓడిపోయినను అతడు పూర్ణకర్తయే, ఏలయన అతడు నిర్మించినది అభ్యర్థి గెలుపును కాదు, సభను.

సత్రమునకే సంబంధించిన మఱియొక నియమము తెలుగువారు ముఖ్యముగా వినవలసినది. సత్రమున దక్షిణ లేదు. తానే యజమాని యైనవానికి దక్షిణ యిచ్చువాడెవడు? ఋత్విక్కును దక్షిణతో కొనవచ్చును. యజమానిని కొనుట అనునది అర్థము లేని మాట. దక్షిణ పుచ్చుకొన్న క్షణమున మనుష్యుడు యజమాని స్థానమునుండి దిగిపోయి, పరుల యాగమున కూలికి వచ్చినవాడగును. ఫలముతో అతనికి సంబంధము తెగిపోవును. ఉభయ తెలుగు రాష్ట్రములలో ఓటుకు నోటు ఎంత నిర్లజ్జగా సాగుచున్నదో యెల్లరెఱిగినదే. స్వగ్రామమున ఎన్నికలు వచ్చినప్పుడు అభ్యర్థులు భివండీకి, సూరత్‌నకు బస్సులు పంపి వలసపోయిన ఓటర్లను రప్పించుట, రానుపోను ఖర్చులును కూలిదినముల నష్టమును చెల్లించి పైన మఱికొంత చేతిలో పెట్టుట అనేక సంవత్సరములుగా నడచుచున్న ఆచారము. పేదవాడు దానికి చెప్పు సమాధానమును నేను తేలికగా త్రోసివేయను. అయిదేండ్లలో ఆ ప్రభువులు మాకు స్వయముగా ఇచ్చునది ఇదొక్కటే, దీనిని కూడ వలదనుటకు మాకేమి బలిసినది అని అతడనును. రెండు పాళీల కూలి పోగొట్టుకొని రైలెక్కువాని కడుపుమాట అది. కాని యజమాని కూలి తీసికొన్నచో యాగము నడచును గాని యజమాని మిగులడు. అట్టి ఎన్నిక జరుగును గాని అందు ప్రజ యుండదు. నష్టపోవునది ధనికుడు కాదు, కవరు పుచ్చుకొన్న పేదవాడే. ఏలయన ధనికునికి శాసనసభ కాక వేఱు ద్వారములు నూఱున్నవి, పేదవానికి ఉన్న ద్వార మదొక్కటే.

ఇంతవఱకు సత్రమును పొగడితిని. దాని వెనుకనున్న చీకటిని చెప్పకున్నచో సత్యమునకు ద్రోహము చేసినవాడనగుదును. శాస్త్రము సత్రాధికారమును బ్రాహ్మణులకు మాత్రమే యిచ్చినది. సామాన్యయాగములయందు సహితము శూద్రునికి అధికారము లేదని జైమిని తేల్చెను. నేడు లింబాయత్‌లో మీట నొక్కు సాలెవాడు, హమాలీ, అద్దకపువాడు, ఇండ్లలో పనిచేయు ఆడుపడుచు ఆ వేదిక దాపులకు కూడ రాలేకపోయెడివారు. అయితే ఆ సూత్రములయందే బాదరి యను ప్రాచీనాచార్యుని మతము పూర్వపక్షముగా నిలిచియున్నది: కర్మయందు అందఱికిని అధికారము కలదని అతడనెను. అతని మాట ఓడిపోయినది. ఓడినను జైమిని దానిని తుడిచివేయలేదు, గ్రంథస్థము చేసి మనదాక పంపెను. 326వ అధికరణముచే వయోజనులెల్లరకు ఓటును ప్రసాదించిన భారత రాజ్యాంగము, రెండువేల యేండ్ల క్రిందట ఓడిన ఆ బాదరి పక్షమున తీర్పు చెప్పినట్లు నేను భావించుచున్నాను. ఓడినవాని వాదమును కూడ వ్రాసియుంచుట యెంత పుణ్యకార్యమో దీనివలన తెలియుచున్నది. ఓడిన ఓటును లెక్కించి ప్రకటించుట కూడ అట్టిదే.

ఈ మాట ఏల యంత గట్టిగా చెప్పుచున్నాననగా, సూరత్‌లోనే 2024లో ఓట్లు లెక్కించుట యటుంచి, వేయించుట కూడ జరుగలేదు. సూరత్ లోక్‌సభ స్థానమునకు కాంగ్రెసు అభ్యర్థి సమర్పించిన నామపత్రము మీది సంతకములు తమవి కావని ప్రతిపాదకులు ప్రమాణపత్రము లిచ్చుటచే ఏప్రిలు 21న ఆ పత్రము తిరస్కరింపబడినది. ప్రత్యామ్నాయ అభ్యర్థి పత్రమునకును అదే గతి పట్టినది. మరునాడు మిగిలిన యెనమండుగురు ఉపసంహరించుకొనిరి. ముకేశ్ దలాల్ గారు ఏకగ్రీవముగా ఎన్నికైనట్లు ప్రకటింపబడిరి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టపు 53వ విభాగము ప్రకారము, స్థానములెన్నియో అభ్యర్థులంతమందియే యున్నచో ఓటింగు అక్కరలేదు. అందుచే పదునాఱు లక్షలకు పైబడిన ఓటర్లు మే 7వ తేదీన ఇండ్లలో నుండిరి. విశేషమేమనగా లింబాయత్, ఉధనా, మజూరా, చౌర్యాసీ శాసనసభా నియోజకవర్గములు సూరత్ నగరమునకు చెందినవైనను నవసారి లోక్‌సభ స్థానమున చేరియున్నవి. ఒకే నగరమున, గీతకు ఇటునున్న నేతగాడు ఆ దినమున సిరాచుక్కతో తిరిగివచ్చెను, అటునున్న అతని బంధువునకు ఆ చుక్క లేదు.

ఎవరి దోషమెంత యనునది నాకు విషయము కాదు. అది న్యాయస్థానములు తేల్చవలసినది. నాకు ప్రధానమైనది ఆ దినములలో తఱచుగా వినిపించిన ఒక వాదము. సూరత్ లోక్‌సభ స్థానము 1989 నుండి ఒకే పక్షము చేతిలో నున్నది. ఎన్నిక జరిగినను ఫలితమదే యయ్యెడిది. కాబట్టి పోయినదేమియు లేదు, ఖర్చు మిగిలినదని ఆ వాదము. ఓటును కేవలము కామ్యకర్మగా చూచువారికి ఈ వాదమునకు బదులు లేదు. వర్షము ముందే కురిసినప్పుడు వర్షార్థ మైన ఇష్టి యేల? కాని ఓటు నైమిత్తికమని, వేయువాడు పూర్ణకర్త యని అంగీకరించినవారికి అచట జరిగిన నష్టము స్పష్టముగా కనబడును. ఫలము మారకపోవచ్చును, పదునాఱు లక్షలమంది కర్తలనుండి కర్మ తీసివేయబడినది. అభ్యర్థులెవరును నచ్చలేదని చెప్పుటకు 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన 'నోటా' మీట కూడ వారికి అందలేదు, ఏలయన పోటీ లేని చోట యంత్రమే రాదు. ఒక్కడే మిగిలినను 'నోటా'తో పోటీ పెట్టవలెనని నా నిశ్చితాభిప్రాయము. ఒక్కడు మిగిలినప్పుడే ప్రజను అడుగవలసిన అవసర మెక్కువ.

ఏకగ్రీవము నెడల మనకు భక్తి మెండు. పంచాయతీలు ఏకగ్రీవమైనచో నగదు ప్రోత్సాహకములిచ్చు ఆచారము ఉభయ తెలుగు రాష్ట్రములలో కలదు. ఆ ముసుగున సర్పంచి పదవులను వేలము వేసికొన్న గ్రామముల వార్తలును పత్రికలలో వచ్చుచునే యున్నవి. అందఱి మనస్సు ఒక్కటి కావలెనని ప్రార్థించు ఋగ్వేదపు తుదిసూక్తమును దీనికి ప్రమాణముగా చూపువారున్నారు. ఆ సూక్తము మొదట కలిసి రమ్మనుచున్నది, కలిసి మాటలాడుమనుచున్నది. మనస్సులొకటి యగుట ఆ పిమ్మటిది. మాటలాడనీయక కలిగించిన ఐకమత్యమునకు అది ప్రమాణము కాజాలదు. బౌద్ధసంఘము దీనిని చక్కగా గ్రహించినది. భిక్షువులలో భేదాభిప్రాయము వచ్చి తెగనప్పుడు రంగురంగుల శలాకలను పంచి మతగణనము చేయుమని వినయపిటకము విధించినది; పక్షపాతము, ద్వేషము, మోహము, భయము లేనివానినే శలాకలు పంచుటకు నియమింపవలెనని, రహస్యముగా, చెవిలో చెప్పి, బహిరంగముగా అను మూడు పద్ధతులు కలవని వివరించినది. సర్వసంగపరిత్యాగులకే శలాక అవసరమైనప్పుడు సంసారులకు అక్కరలేదందుమా?

సూరత్ చరిత్రయు ఈ విషయమున సాక్ష్యము చెప్పుచున్నది. 1907 డిసెంబరులో తపతీతీరమున కాంగ్రెసు మహాసభ రెండుగా చీలినది. అధ్యక్షపదవికి రాసబిహారీ ఘోష్ గారి పేరు ప్రతిపాదింపబడినప్పుడు తాను మాటలాడవలెనని తిలక్ ముందుగా చీటీ పంపెను; అనుమతి దొరకలేదు; ఆయన వేదిక యెక్కి నిలిచెను; పాదరక్ష యొకటి గాలిలో ఎగిరివచ్చినది, కుర్చీలు లేచినవి, సభ భగ్నమైనది. కారణములు లోతైనవే, కాని నిప్పంటుకొన్నది మాత్రము ఒక ఎన్నికపై ఒకనిని మాటలాడనీయక పోవుట వద్దనే. ముప్పదియేండ్ల తరువాత, 1938 ఫిబ్రవరిలో, అదే సూరత్ జిల్లాలోని హరిపురలో సుభాషచంద్ర బోసుగారు పోటీలేక అధ్యక్షులైరి. మరుసటి యేట ఆయన రెండవమారు నిలువగా మన పట్టాభి సీతారామయ్యగారు పోటీచేసి, 1580కి 1377 ఓట్లతో ఓడిపోయిరి. పట్టాభి ఓటమి తన ఓటమి యని గాంధీగారన్న మాట లోకప్రసిద్ధము. ఆ పోటీ వలన నాడు గొప్ప కల్లోలము పుట్టినదని, బోసుగారు కొద్దినెలలలోనే పదవి విడువవలసివచ్చినదని చరిత్రకారులు చింతింతురు. నేను చింతింపను. దేశమున రెండు మార్గములున్నవని, ఒక్కొక్కదాని వెనుక ఎందఱు నిలిచిరో లెక్కతో సహా ప్రజలకు తెలిసినది ఆ పోటీవలననే. ఓడిన పట్టాభిగారు తొమ్మిదేండ్ల తరువాత, 1948లో, మఱియొక పోటీలో గెలిచి అధ్యక్షులైరి. ఓటమి వారిని తక్కువ చేయలేదు.

ఇక మిగిలినది నివాసప్రశ్న. నేతగాని ఓటు ఎచట నుండవలెను? 1950 ప్రజాప్రాతినిధ్య చట్టము ఒక మనుష్యునికి ఒక్క చోటనే ఓటు అన్నది; సామాన్యముగా ఎచట నివసించునో అచటనే అన్నది; ఊరిలో ఇల్లున్నంతమాత్రమున అది నివాసము కాదనియు, తాత్కాలికముగా దూరమేగినంతమాత్రమున నివాసము పోదనియు 20వ విభాగమున స్పష్టము చేసినది. వలసపోయినవారు ఉన్నచోటనుండియే తమ యూరి ఓటు వేయుటకు డెబ్బదిరెండు నియోజకవర్గములను ఇముడ్చుకొనగల దూరఓటింగు యంత్రమును ఎన్నికల సంఘము 2022 డిసెంబరులో ప్రకటించినది. పక్షములు సమ్మతింపలేదు, అది వాడుకలోనికి రాలేదు. సూరత్‌లో ఇరువదియేండ్లు సాంచె నడిపి, అచటనే పిల్లల పెండ్లిండ్లు చేసి, అచటనే మార్కండేయుని కొలుచుకొనుచు, ఓటు మాత్రము నల్లగొండలో నుంచుకొన్నవారి మనస్సు నాకు అర్థమగుచున్నది: అది పుట్టినూరితో మిగిలిన తుదిబంధము. వైదికగృహస్థుడు ఊరు విడిచి పోవునప్పుడు తన యగ్నిని అరణులయందు సమారోపణము చేసికొని వెంట తీసికొనిపోయి, చేరిన చోట మరల మథించి వెలిగించుకొనును. పాతయింట విడిచిన అగ్నిని ఏడాదికొకసారి వచ్చి చూచిపోవుట ధర్మముగా చెప్పబడలేదు. నీళ్లకు, బడికి, దవాఖానాకు, కార్ఖానాలోని భద్రతకు ఎవరిని అడుగవలెనో, ఆ సభను నిర్మించుటలోనే ఓటు ఉండవలెను. సూరత్‌లో స్థిరపడినవారి ఓటు సూరత్‌లోనే యుండుట ధర్మమని నా తీర్పు.

2025 నవంబరులో గుజరాతున ఓటర్ల జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణ ఆరంభమైనది. శాసనసభ గడువు 2027తో ముగియుచున్నది. లింబాయత్, ఉధనా ప్రాంతముల తెలుగు సంఘముల పెద్దలకు నేను చేయు విన్నపమొక్కటే: ఎవరికి ఓటు వేయవలెనో సంఘమునందు తీర్మానించి చెప్పుట మానుడు, అది ఒక్కొక్కని సొంత విషయము; దానికి బదులు ప్రతి యింటికిని పోయి, ఆ యింటనున్న ప్రతి స్త్రీ పేరును ప్రతి పురుషుని పేరును జాబితాలో నున్నదో లేదో చూచి, లేనివారిచేత ఆరవ నమూనా దరఖాస్తు పెట్టింపుడు.